ఓడిన జట్టుకు కథ చెప్పేవారేరీ?



2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థ కుస్తీ ప్రదర్శన పెట్టింది. జాన్ సీనా వచ్చాడు. సేత్ రాలిన్స్‌తో జతకట్టి బరిలోకి దిగాడు. రియా రిప్లీ, కెవిన్ ఓవెన్స్, సామీ జేన్, గుంథర్, ఇన్నాళ్ళూ టీవీలోనే చూసిన మనుషులు ఒకే రాత్రి మన కళ్ళ ముందు నిలబడ్డారు. ఆ స్టేడియానికి ఉన్న పేరు మన కోనసీమ మనిషిది. లోక్‌సభ స్పీకర్ పదవిలో ఉండగానే 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మనకు దూరమైన జి.ఎం.సి. బాలయోగి గారి పేరు అది. మన పిఠాపురం వైపు కుర్రాళ్ళలో సామర్లకోటలో రైలెక్కి వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళారు, వెళ్ళలేనివాళ్ళు ఫోన్లలో చూశారు.

అదే ఏడాది మన జట్లు ఎలా ఉన్నాయో గుర్తు చేసుకోండి. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ పద్నాలుగు ఆటల్లో నాలుగే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది. కబడ్డీలో తెలుగు టైటాన్స్ వరసగా ఆఖరి స్థానంలోనే ఉంది. 1938లోనూ 1987లోనూ రంజీ ట్రోఫీ ఎత్తిన హైదరాబాద్ క్రికెట్ జట్టు పైతరగతి నుంచి జారి ప్లేట్ గ్రూపులో పడింది. 2022లో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌లో విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2023లో మొదలైన సీజన్‌లో ఇరవై రెండు ఆటలు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. ఒక్క నగరానికి అన్ని ఆటల్లోనూ ఒకేసారి ఇంత చీకటి రోజులు రావడం అరుదు. ఆ చీకట్లోనే కుస్తీ దీపాలు వెలిగాయి.

పిఠాపురంలో కూర్చుని హైదరాబాద్ జట్ల కోసం బాధపడడమెందుకని కొందరు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌కు ఇవాళ్టికీ సొంత ఐపీఎల్ జట్టు లేదు. పిఠాపురం కుర్రాడు నారింజ రంగు జెర్సీ వేసుకున్నాడంటే అది సన్‌రైజర్స్‌దే. తెలుగు టైటాన్స్ అయితే పేరులోనే తెలుగు పెట్టుకుంది, రెండు రాష్ట్రాలూ దాన్ని సొంతం చేసుకున్నాయి. అందుకని ఆ ఓటములు మన వాకిట్లోకీ వచ్చాయి.

జట్లు ఓడుతుంటే జనం కుస్తీ వైపు ఎందుకు తిరుగుతారు? ఈ ప్రశ్న గురించే ఇవాళ మాట్లాడదామనుకున్నాను.

కుస్తీ చూసే కుర్రాడితో ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాట ఒకటుంది. "అదంతా ముందే అనుకుని ఆడేది రా, ఉత్తుత్తి దెబ్బలు" అంటారు. ఆ సంగతి కుర్రాడికి తెలుసు. 1989లో, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పాత పేరుతో ఉన్నప్పుడు, డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థవాళ్ళే అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు, మాది పోటీ కాదు వినోదం అని చెప్పుకున్నారు. ఎవరు గెలవాలో, ఎవరు పడాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అందులో ఇప్పుడు దాపరికమేమీ లేదు. అన్నీ తెలిసి కూడా రాత్రి పొద్దుపోయేదాకా ఎందుకు మేలుకుని చూస్తారన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు చెప్పడానికి పిఠాపురం కంటే తగిన ఊరు లేదనిపిస్తుంది నాకు. మన పాదగయ కథనే తీసుకోండి. గయాసురుడు విష్ణుభక్తుడు, మహా బలవంతుడు. బలంతో అతన్ని పడగొట్టడం కుదరదు. త్రిమూర్తులు బ్రాహ్మణ వేషాల్లో వచ్చి, యజ్ఞం చేసుకోవడానికి నీ శరీరం ఏడు రోజులు ఇమ్మని అడిగారు. ఇచ్చాడు. ఆ ఏడు రోజులూ కదలకూడదన్నది నియమం. ఏడో నాటి రాత్రి తెల్లవారకుండానే శివుడు కోడి రూపంలో కూశాడు. తెల్లారిందనుకుని, గడువు తీరిందనుకుని గయాసురుడు కదిలాడు. అక్కడితో అతని కథ ముగిసింది. తల బీహార్‌లోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు మన ఊళ్ళో ఉన్నాయని స్థలపురాణం.

ఈ కథ పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. కోడి కూస్తుందని తెలుసు, గయాసురుడు మోసపోతాడని తెలుసు. అయినా శివరాత్రి జాగారంలో ఎవరైనా ఈ కథ చెబుతుంటే, ఆ కూత దగ్గరికి వచ్చేసరికి అందరూ నిశ్శబ్దమైపోతారు. ఇంకో సంగతి గమనించండి. ఎత్తు వేసింది సాక్షాత్తూ దేవుడు. ఓడింది అసురుడు. అయినా వినేవాళ్ళ జాలి అంతా అసురుడి మీదే. ఆ కోడి రూపంలోని శివుడు కుక్కుటేశ్వరుడికి పూజ చేసిన చేతులతోనే మనం ఆ ఓడినవాడి పాదాల చెంత మన పెద్దలకు పిండాలు పెడుతున్నాం. ముగింపు ముందే తెలిసిన కథలో, ఓడినవాడి పక్షాన నిలబడి కంటతడి పెట్టడం ఈ ఊరికి తరతరాల అలవాటు. అలాంటివాళ్ళను డబ్ల్యూడబ్ల్యూఈ కొత్తగా మభ్యపెట్టనక్కర్లేదు.

విరాటపర్వం మనకు ఇంకా దగ్గర. వానలు పడకపోతే ఊళ్ళో విరాటపర్వం చదివించడం మన ఆచారం. అందులో భీముడు వంటవాడి వేషంలో, మారుపేరుతో ఉంటాడు. విరాటుడి కొలువుకి వచ్చిన మల్లుడు ఎదిరించేవారు లేరా అని సవాలు విసిరితే, ఈ వంటవాణ్ణి బరిలోకి దింపుతారు. అతనెవరో కొలువులో ఉన్నవాళ్ళకు తెలియదు, వింటున్న మనకు తెలుసు. ఆ ఘట్టంలోని ఆనందమంతా అక్కడే ఉంది. మెక్సికోలో ముసుగు మల్లుల కుస్తీకి ఇప్పటికీ జనం విరగబడతారు. ఎల్ శాంటో అనే ఆయన అక్కడ ఎంత పెద్ద వీరుడంటే, 1984లో పోయినప్పుడు ముసుగుతోనే సమాధి చేశారు. వేషం వెనక ఉన్న బలవంతుడి మీద మోజు సముద్రాలకు అటూ ఇటూ ఒకటేనన్నమాట.

ఈ విరాటపర్వం కథతోనే 1963లో వచ్చిన నర్తనశాల సినిమాలో భీముడి వేషానికి ఎవరిని తీసుకున్నారో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దండమూడి రాజగోపాలరావు గారిని. ఆయన నిజంగానే దేశం తరఫున బరువులెత్తిన వెయిట్‌లిఫ్టర్. నటుడికి కండలు అతికించకుండా, కండలున్న మనిషినే తెచ్చి నిలబెట్టారు. కథ రాసి పెట్టిందే, భీముడి చేతిలో కీచకుడు చావాల్సిందే. కానీ ఆ చేతుల్లో బలం నిజమైంది కాబట్టి ఆ పోరు ఇన్నేళ్ళ తరవాత కూడా చూడాలనిపిస్తుంది. ప్రొఫెషనల్ కుస్తీ గుట్టంతా ఇందులోనే ఉంది. కథ కల్పితం, బలం నిజం.

ఈ రెండింటినీ కలిపి మన ఆంధ్ర దేశంలో మొదట జనాన్ని ఊపేసినవాడు కోడి రామమూర్తి నాయుడు గారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో పెరిగారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా మొదలై, సొంత సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగారు. ఒంటికి చుట్టిన ఇనప గొలుసుల్ని ఊపిరి బిగబట్టి తెంపేవారు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవారు. కలియుగ భీముడని జనం పిలుచుకున్నారు. 1942లో కాలం చేశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నారు. పరాయి పాలనలో, ఏ ఆటలోనూ మన జెండా ఎగరని రోజుల్లో, ఒక తెలుగువాడి ఛాతీ మీద ఏనుగు నిలబడడం చూసిన జనానికి ఏమనిపించి ఉంటుందో ఊహించుకోండి. తెల్లవాళ్ళ ముందు తలెత్తుకునే కారణం ఒక్కటి దొరికింది. దాన్ని గారడీ అని ఎవరూ కొట్టిపారేయలేదు.

దెబ్బలు ఉత్తుత్తివన్న మాట గురించి కూడా కాస్త చెప్పాలి. కుస్తీ బరి కింద ఉక్కు దూలాలుంటాయి, వాటి మీద చెక్క పలకలు, ఆపైన పల్చని ఫోమ్, కాన్వాస్ గుడ్డ. అంతే. ఆ చెక్కల మీద రోజూ వెల్లకిలా పడాలి. గడ్డం గుండెకు ఆనించి, చేతులు చాచి, దెబ్బ తల వెనక తగలకుండా వీపంతటా పంచుకునేలా పడడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. ఎత్తి కుదేసేవాడి చేతుల్లో కిందివాడి మెడ ఉంటుంది. ఎదుటివాణ్ణి కొడుతున్నట్టు కనిపిస్తూ కాపాడడమే అందులో పనితనం. పట్టు ఒక్క క్షణం తప్పితే మెడ విరుగుతుంది. 1998 జూన్‌లో మిక్ ఫోలీ పదహారు అడుగుల ఎత్తు ఇనప పంజరం మీది నుంచి పడ్డాడు. ఆ మరుసటి ఏడాది మే నెలలో ఓవెన్ హార్ట్ ప్రదర్శన కోసం పైకప్పు నుంచి దిగుతూ జారిపడి ప్రాణమే పోగొట్టుకున్నాడు. ఇంట్లో పిల్లలు వీటిని మంచాల మీద అనుకరిస్తుంటే మాత్రం దయచేసి ఆపండి. వాళ్ళు చూసేది విన్యాసాన్ని, దాని వెనకున్న సాధనను కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. తొంభైల్లో పెరిగిన పిల్లలు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు ఆడుకున్నారు. ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ఎన్ని పోరాడాడు, ఎన్ని గెలిచాడు, అన్నీ ఆ అట్ట ముక్క మీద ఉండేవి. బడిలో లెక్కలు రానివాడికి కూడా ఆ అంకెలు కంఠతా వచ్చేవి. అండర్‌టేకర్ చచ్చి మళ్ళీ బతికాడని ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ అండర్‌టేకర్ 1990లో బరిలోకి వచ్చి 2020లో వీడ్కోలు తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు! కార్డులు ఆడిన పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని, వాళ్ళ పిల్లలు టీవీ ముందు కూర్చునే నాటికి కూడా అదే టోపీ, అదే నల్ల కోటు. ఏటా జరిగే రెజిల్‌మేనియాలో వరసగా ఇరవై ఒక్క సార్లు గెలిచినవాడు 2014లో బ్రాక్ లెస్నర్ చేతిలో ఓడిపోతే, ఆ ఓటమిని తమ ఇంటి కబురులా చెప్పుకున్నవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారు.

జాన్ సీనా సంగతి చూడండి. 2002లో మొదటి ఆట కర్ట్ యాంగిల్‌తో ఆడి ఓడాడు. 2025 డిసెంబర్‌లో ఆఖరి ఆట గుంథర్‌తో ఆడి, అదీ ఓడాడు. సీనా, గుంథర్ ఇద్దరూ రెండేళ్ళ ముందు హైదరాబాద్ ప్రదర్శనకు వచ్చినవాళ్ళే. పాతవాడు వెళ్ళిపోతూ కొత్తవాడికి గెలుపు ఇచ్చి పోవడం ఆ వృత్తిలో మర్యాద. ఈ రెండు ఓటముల మధ్య ఇరవై మూడేళ్ళ కథ ఉంది. చూసేవాడికి ప్రతి ఓటమికీ ఒక కారణం దొరికింది, తరవాతి వారం కోసం ఎదురు చూడడానికి ఒక దారి దొరికింది.

నా అభిప్రాయం ఇది. కుస్తీ మనకు అమ్మేది గెలుపును కాదు. ఓడినవాణ్ణి కనుమరుగు చేయకుండా మన ముందు నిలబెట్టి, ఎందుకు ఓడాడో చెప్పి, మళ్ళీ వస్తాడని నమ్మించడం దాని బలం. మన జట్లు ఓడినప్పుడు ఆ పని చేసేవారు లేరు.

తెలుగు టైటాన్స్‌నే తీసుకోండి. 2021లో మొదలైన ఎనిమిదో సీజన్‌లో ఇరవై రెండు ఆటల్లో ఒకటి గెలిచారు. తొమ్మిదో సీజన్‌లో రెండు. పదో సీజన్‌లో మళ్ళీ రెండు. మూడు సీజన్లలో అరవై ఆరు ఆటలు ఆడితే అయిదు గెలుపులు. పదో సీజన్ కోసం రెయిడర్ పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్ల అరవై లక్షలు పెట్టి తెచ్చుకున్నాక కూడా అంతే. చెడుగుడు మన పల్లెల ఆట. సంక్రాంతికి, శ్రీరామనవమికి లైట్లు కట్టి పందేలు ఆడే గోదావరి జిల్లాల్లో ఒక కబడ్డీ జట్టు ఇలా పడిపోతే ఊళ్ళు గోల పెట్టాలి. గోల లేదు. జనం మెల్లగా చూడడం మానేశారు. కారణం ఓటమి ఒక్కటే అనుకోను. రాహుల్ చౌదరి మొదటి ఆరు సీజన్లూ టైటాన్స్‌కే ఆడాడు. ఉత్తరప్రదేశ్ కుర్రాడైనా మన పిల్లలు అతన్ని మనవాడే అనుకున్నారు, అతని రెయిడ్‌ను బడి ఆవరణల్లో అనుకరించారు. అతను వెళ్ళిపోయాక వేలంలో వచ్చినవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. ఓడిన జట్టు తరవాతి ఏడాదికి వేరే మనుషుల జట్టయిపోతే, ఆ ఓటమికి పగ తీర్చుకునేది ఎవరు? ఎవరి కోసం ఎదురు చూడాలి?

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2022లో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు గోదావరి టైటాన్స్ అని మన ప్రాంతం పేరుతో జట్టు వచ్చింది. నోరు తిరిగేలోగా 2025లో జట్ల పేర్లన్నీ మారిపోయి, కాకినాడ కింగ్స్, భీమవరం బుల్స్ వచ్చాయి. కొత్త పేర్లు బాగున్నాయి, కాకినాడ పేరుతో జట్టుంటే ఎవరికి ఇష్టముండదు? కానీ అభిమానం అనేది నాటిన ఏడాదే కాయలు కాసేది కాదు. పీకి మళ్ళీ నాటుతుంటే వేరు దిగదు.

అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున మెంఫిస్ అనే నగరం ఉంది. 2001లో గ్రిజ్లీస్ బాస్కెట్‌బాల్ జట్టు వచ్చి స్థిరపడేదాకా ఆ నగరంలో శాశ్వతంగా నిలిచిన పెద్ద లీగ్ జట్టు లేదు. డెబ్బైల్లో, ఎనభైల్లో సోమవారం రాత్రి వచ్చిందంటే జనం మిడ్‌సౌత్ కొలిజియం అనే హాలుకు కుస్తీ చూడడానికి వెళ్ళేవారు. అక్కడి వీరుడు జెర్రీ లాలర్. అదే ఊళ్ళో పుట్టినవాడు. 1982లో ఆండీ కాఫ్‌మన్ అనే పేరున్న హాస్యనటుడు వచ్చి ఆ ఊరివాళ్ళను టీవీలో నానా మాటలూ అంటే, లాలర్ అతన్ని బరిలో ఎత్తి కుదేశాడు. ఊరంతా తమ పరువు నిలబడిందని మురిసిపోయింది. అదీ ముందే అనుకున్న నాటకమేనని చాలా ఏళ్ళ తరవాత బయటికి వచ్చింది. కానీ ఆ రాత్రి హాల్లో ఉన్నవాళ్ళ ఆవేశంలో కల్తీ లేదు. జట్టు లేని ఊరికి ఒక మనిషి జట్టయ్యాడు. వారం వారం అక్కడే ఉన్నాడు, ఓడినా అక్కడే ఉన్నాడు. అందుకే నిలిచాడు.

మన దేశంలోనూ ఇలాంటి చిత్రమైన కాలం ఒకటి గడిచింది. 2007 మార్చిలో ప్రపంచకప్ క్రికెట్‌లో మనవాళ్ళు బంగ్లాదేశ్ చేతిలో, శ్రీలంక చేతిలో ఓడి తొలి దశలోనే ఇంటిదారి పట్టారు. దేశమంతా మైల పట్టినట్టయింది. ఆ జూలైలో హిమాచల్‌ప్రదేశ్ నుంచి వెళ్ళిన దలీప్ సింగ్ రాణా, మనందరి ఖలీ, డబ్ల్యూడబ్ల్యూఈ ప్రపంచ హెవీవెయిట్ బెల్టు గెలిచాడు. ఆ వేసవి సెలవులు ముగిసిన పిల్లలకు బళ్ళలో చెప్పుకోవడానికి ఒక పేరు దొరికింది. సెప్టెంబర్ 16న ఖలీ ఆ బెల్టు పోగొట్టుకున్నాడు. ఎనిమిది రోజుల తరవాత, 24న, ధోనీ జట్టు టీ20 ప్రపంచకప్ గెలిచింది. దీన్ని కార్యకారణ సంబంధమని చెప్పను. కానీ ఆ రెండు నెలలూ పిల్లల నోళ్ళలో ఖాళీగా ఉన్న చోటును ఖలీ నింపాడన్నది ఆ రోజుల్లో బడి పిల్లల మధ్య తిరిగిన ఎవరిని అడిగినా చెబుతారు.

ఇప్పుడు ఒక సంగతి. ఇది చెప్పడానికే నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

2023 జనవరి 31న ఇండోర్‌లో ఆంధ్ర జట్టుకీ మధ్యప్రదేశ్‌కీ రంజీ క్వార్టర్ ఫైనల్ మొదలైంది. మన కెప్టెన్ హనుమ విహారి. కాకినాడలో పుట్టినవాడు, మనకు గంట ప్రయాణం కూడా లేని ఊరు. అవేశ్ ఖాన్ వేసిన బంతి తగిలి అతని ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది. మైదానం విడిచి వెళ్ళాడు. రికీ భుయ్, కరణ్ షిండే సెంచరీలు కొట్టారు. తొమ్మిది వికెట్లు పడ్డాక విహారి మళ్ళీ బయటికి వచ్చాడు. కుడిచేతి ఆటగాడు, విరిగిన చేతికి బంతి తగలకుండా ఎడమచేతివాడిలా నిలబడ్డాడు. ఒంటి చేత్తో బ్యాటు తిప్పాడు. ఆంధ్ర స్కోరు 379కి చేరింది. మధ్యప్రదేశ్‌ను 228కి కట్టడి చేశాం. చేతిలో 151 పరుగుల ఆధిక్యం. ఆ తరవాత రెండో ఇన్నింగ్స్‌లో 93కే కూలిపోయాం. విహారి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఒంటి చేత్తోనే ఆడాడు. అయిదు వికెట్ల తేడాతో ఓడిపోయాం.

ఇదే విహారి 2021 జనవరి 11న సిడ్నీలో, తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో, 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి ఓడిపోవలసిన టెస్టును నిలబెట్టాడు.

కుస్తీలో కట్టు కట్టుకున్న చేత్తో వీరుడు తిరిగొస్తే, సంగీతం మోగుతుంది, లైట్లు వెలుగుతాయి, వ్యాఖ్యాత గొంతు చించుకుంటాడు. ఆ కట్టు చాలాసార్లు కథ కోసం కట్టింది. ఇండోర్‌లో కట్టు నిజం, విరిగిన ఎముక నిజం, ఎదురుగా వస్తున్న బంతి నిజం, చివరికి వచ్చిన ఓటమి కూడా నిజం. మరుసటి ఏడాది అదే ఇండోర్‌లో, అదే మధ్యప్రదేశ్‌తో, మళ్ళీ క్వార్టర్ ఫైనల్‌లో 170 పరుగుల లక్ష్యానికి 165కే ఆగిపోయి నాలుగు పరుగుల తేడాతో ఓడాం. ఇంతకంటే గొప్ప పగ కథను ఏ కుస్తీ రచయిత రాయగలడు? పిఠాపురం బస్టాండులో ఎంతమందికి ఈ రెండు ఆటల సంగతి తెలుసు? తెలియకపోవడం వాళ్ళ తప్పు అనను. చెప్పవలసినవాళ్ళం చెప్పలేదు. పత్రికల్లో జిల్లా పేజీ మూలన రెండు వాక్యాలు వచ్చి ఉంటాయి. రేడియోలో స్కోరు చదివి ఉంటాం. చెయ్యి విరిగిన కాకినాడ కుర్రాడు పదకొండో నంబరులో దిగిన ఆ నడకను ఎవరూ మన భాషలో, మన గొంతుతో వర్ణించి వినిపించలేదు.

కుస్తీ ఇవ్వలేనిది ఒకటుంది. అదీ చెప్పాలి. 2024లో టైటాన్స్ పన్నెండు ఆటలు గెలిచి ప్లేఆఫ్ గుమ్మం దగ్గర ఆగిపోయారు. 2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ మన విశాఖపట్నంలోనే మొదలైంది. విజయ్ మాలిక్ నాయకత్వంలో ఈసారి గుమ్మం దాటి, ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద దాకా వెళ్ళారు. మూడు సీజన్లు చివరన పడి ఉన్న జట్టు అలా లేస్తుందని ఎవరూ రాసి పెట్టలేదు. ఆ సీజన్ చూసినవాడికి కలిగిన ఆనందం ఏ స్క్రిప్టులోనూ దొరకదు, ఎందుకంటే ఆడుతున్న ఏడుగురికీ కూడా ఏమవుతుందో తెలియదు. కానీ ఆ ఆనందం పూర్తిగా అందింది చీకటి రోజుల్లో కూడా చూడడం మానని కొద్దిమందికే. మిగతావాళ్ళకు అది వార్త మాత్రమే అయింది.

అందుకని కుస్తీ చూడడం మానమని నేను చెప్పను. పద్య నాటకాల్లో ఒకే పద్యానికి మళ్ళీ మళ్ళీ వన్స్‌మోర్ కొట్టి తెల్లవార్లూ కూర్చున్న గోదావరి ప్రజలకు, తెలిసిన కథను ఇష్టంగా చూడొద్దని చెప్పే హక్కు నాకు లేదు. 2025 ఏప్రిల్ నుంచి ఆ కుస్తీ కూడా టీవీ ఛానల్ వదిలి నెట్‌ఫ్లిక్స్‌కు పోయింది. చందా కట్టగలిగిన ఇళ్ళకే పరిమితమైంది. పూర్వం టీవీ ఉన్న ఇంటి వరండాలో వీధి పిల్లలంతా చేరి చూసినట్టు ఇప్పుడు చూడలేరు. మైదానానికి మాత్రం చందా లేదు. హైస్కూలు ఆవరణలో సాయంత్రం కబడ్డీ ఆడే పిల్లల్ని చూడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

జట్లు నడిపేవాళ్ళకు నా విన్నపం ఒకటే. లీగులు పెట్టండి, వేలాలు పెట్టండి, కానీ జట్టు పేరును పదేళ్ళు కదపకండి. ప్రతి జట్టులోనూ ఆ ప్రాంతపు ఆటగాళ్ళను కొందరినైనా అలాగే ఉంచండి. వాళ్ళు ఓడినా ఉంచండి. బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుల ఖాళీలు నింపండి. కోడి రామమూర్తి గారు మొదట వ్యాయామ ఉపాధ్యాయుడేనని మరిచిపోవద్దు.

పత్రికల మిత్రులకు, రేడియోలో పనిచేసే మాబోటివాళ్ళకు: ఓడిన ఆటను స్కోరుతో సరిపెట్టకుండా, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎక్కడ పట్టు జారిందో, మళ్ళీ ఎప్పుడు ఎవరితో తలపడుతున్నారో చెబుదాం. గెలిచిన రోజు అందరూ చెబుతారు. ఓడిన రోజు చెప్పడానికి నేర్పు కావాలి, శ్రద్ధ కావాలి.

శ్రోతలకు: వచ్చే రంజీ సీజన్‌లో ఆంధ్ర జట్టు ఆడుతున్న రోజుల్లో, సాయంత్రం ఒక్కసారి స్కోరు చూసి ఇంట్లో పిల్లలకు చదివి వినిపించండి. ఆటగాళ్ళలో మన జిల్లావాళ్ళెవరో, ఏ మైదానంలో ఆడి పెరిగారో కనుక్కుని చెప్పండి. మీ వీధిలో కబడ్డీ ఆడే పిల్ల ఉంటే మండల పోటీల నాడు వెళ్ళి గీత పక్కన నిలబడండి. ఆ పిల్ల ఓడిపోయినా మర్నాడు పేరు పెట్టి పలకరించి, మళ్ళీ ఎప్పుడు ఆడుతున్నావమ్మా అని అడగండి.